30 వేలల్లో గ్రాఫిక్స్ కార్డు: ఆట ఆగకుండా సాగాలంటే ఏది తీసుకోవాల?

కేసీకెనాల్_07 | కర్నూలు
అన్నలకు, అక్కలకు నమస్తే. ఇక్కడ కొత్తగా చేరినా. ఇంటర్ మార్కులు చూసి మా నాయన 30 వేలు ఇచ్చినాడు, ఇంక పైసా అడగొద్దు అని కూడా చెప్పినాడు. గ్రాఫిక్స్ కార్డు కొనాల.

ఇప్పుడున్నది: ఐ5-10400ఎఫ్, హెచ్410 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ. విండోస్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉంది, ఆటలన్నీ 1 టీబీ హార్డ్ డిస్కులో. మానిటర్ 24 అంగుళాలు, 1080పీ, 75 హెర్ట్జ్. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) మీద 450 వాట్స్ అని రాసుంది, ఆ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు.

ఆడేవి జీటీఏ 5, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077, దోస్తులతో వాలొరెంట్. అన్నీ ఓపెన్ అవుతాయి గానీ కొంచేపు తిరిగినాక ఆగి ఆగి పోతాయి. పాతబస్టాండు కాడ ఒక షాపులో అడిగితే జీటీ 730 చూపించి "ఇది కూడా 4 జీబీనే, కొత్తది, వారంటీ ఉంది" అన్నాడు. ఇంకో షాపాయన "ఆర్‌టీఎక్స్ 5060 వేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఎవరి మాట నమ్మాల?

సప్తగిరి_సర్కిల్ | అనంతపురం
ఆ 730 పక్క చూడనే చూడొద్దప్పా. అది 2014 నాటి కార్డు. 4 జీబీ అని అట్ట మీద పెద్దగా వేస్తారు గానీ ఆ రకంలో ఉండేది డీడీఆర్3, అంటే మామూలు ర్యామ్ జాతి మెమరీ. నీ దగ్గరున్న 1050 టీఐ దానికన్నా శానా మేలు. మన ఊర్లల్లో ఇంకా "ఎన్ని జీబీ కార్డు?" అని అడిగి కొంటున్నారు కాబట్టే అవి ఇంకా అమ్ముడుపోతున్నాయి.

5060 మంచి కార్డే. నేనైతే అదే తీసుకుంటా. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) ఉంది, కరెంటు 145 వాట్లే. కళ్ళు మూసుకొని తీసుకో.

నాపరాయి | కడప
కళ్ళు మూసుకొని కొనేది కాదబ్బా ఇది. తమ్ముడూ, ముందు సైడు ప్యానెల్ ఇప్పి ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన కాగితం ఫోటో తీసి పెట్టు. 450 అని కనిపించే అంకెతో మనకు పని లేదు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసుందో అది చదువు. కార్డుకు, ప్రాసెసర్‌కు కరెంటు పోయేది ఆ 12 వోల్టుల లైనులో నుంచే.

నేను రిపేరు పని చేసేవాణ్ని. పేరు లేని డబ్బాలు నా టేబుల్ మీదికి వారం వారం వస్తుంటాయి. మీద 450, లోపల లేబుల్లో 12 వోల్టులకు 16 ఆంపియర్లు. 12ని 16తో గుణించు: 192 వాట్లు. దాని మీద 150 వాట్ల కార్డు పెడితే ఆట మధ్యలో సిస్టమ్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. అదృష్టం బాగుంటే ఆరిపోయేది అంతే. లేకుంటే పోతాపోతా బోర్డును కూడా తీసుకుపోతుంది.

కేసీకెనాల్_07 | కర్నూలు
@నాపరాయి అన్నా చూసినా. 12 వోల్టుల కింద 16ఏ అనే ఉంది. మీరు మా ఇంట్లోకొచ్చి చూసినట్టే చెప్పినారు.

నాపరాయి | కడప
ఆ డబ్బాలన్నీ ఒకే ఊరి పిల్లలు. 1050 టీఐ 75 వాట్ల కార్డు కాబట్టి ఇన్నాళ్ళు నడిచింది. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉండే మంచి కంపెనీ 550 వాట్లది తీసుకో. నాలుగు వేలు అటూ ఇటూ పడుతుంది. 30 వేలల్లో అది ముందు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో కార్డు చూడు.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
కార్డు పేర్ల మీదికి పోకముందు ఒక్క మాట. "ఆగి ఆగి పోతాయి" అన్నావు. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేములు, తక్కువగా ఉందా, లేక ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి నడుమ నడుమ కుదుపు వస్తోందా? రెండూ వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. అందులో ఒక్కటి 80 మిల్లీసెకన్లు పట్టినా ఆ సెకను సగటు 56 దగ్గరే ఉంటుంది, మూలనున్న అంకె చూస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. కానీ మంచి తారు రోడ్డు మీద బండి స్పీడుగా పోతుంటే ఒక్క గుంట తగిలినట్టు చేతికి తెలుస్తుంది. అందుకే రివ్యూలలో సగటు పక్కన "1 శాతం లో" (అన్నిటికన్నా నిదానంగా వచ్చిన ఒక్క శాతం ఫ్రేముల వేగం) అని ఇంకో అంకె ఇస్తారు. సాఫీగా ఉందా లేదా అనేది ఆ రెండో అంకే చెబుతుంది. సగటు 90, లో 35 ఉన్న సిస్టమ్ కన్నా సగటు 65, లో 55 ఉన్నదే ఆడటానికి సుఖం.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. వేసుకొని, ఆడేటప్పుడు తెర మీద ఇవి కనబడేట్టు పెట్టుకో: జీపీయూ (కార్డులోని చిప్పు) వాడకం శాతం, వీ-ర్యామ్ (కార్డు సొంత మెమరీ), మామూలు ర్యామ్, సీపీయూ వాడకం, ఫ్రేమ్ టైమ్ గ్రాఫు. నాలుగు ఆటల్లోనూ చూసి రాయి. జీపీయూ 97-99 దగ్గర నిలబడి ఉంటే కార్డుదే కొరత. జీపీయూ 60, 70లో ఊగుతూ ఆట కుదుపుతుంటే కార్డు మార్చినా ఆ కుదుపు పోదు.

సప్తగిరి_సర్కిల్ | అనంతపురం
అక్కా, 1050 టీఐ అని చెప్పినాక ఇంగ టెస్టు ఎందుకు? కార్డుదే కొరత అని చిన్నపిల్లోడు కూడా చెప్తాడు.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
కార్డుది కొరతే, కాదనలేదు. కొరత అదొక్కటేనా అన్నది నా ప్రశ్న. చేతిలో ఉన్నది 30 వేలే, అందుకే చూసి చెప్పమంటున్నా.

కేసీకెనాల్_07 | కర్నూలు
చూసినా అక్కా.

రెడ్ డెడ్: జీపీయూ 99, వీ-ర్యామ్ 3.9 జీబీ, ర్యామ్ 7.6 జీబీ, ఎఫ్‌పీఎస్ 34 దగ్గర.
సైబర్‌పంక్: అన్నీ లో పెట్టినా 30 దాటలేదు, జీపీయూ 99.
జీటీఏ 5: ఇదే విచిత్రం. ఎఫ్‌పీఎస్ 70 చూపిస్తుంది, కారు స్పీడుగా పోతే గ్రాఫు పైకి లేస్తుంది. జీపీయూ అప్పుడు 50కి పడిపోతుంది. ర్యామ్ నిండిపోయింది, టాస్క్ మేనేజర్‌లో హార్డ్ డిస్కు 100 శాతం.
వాలొరెంట్: 140 వస్తుంది, డిస్కార్డ్, బ్రౌజర్ తెరిచి ఉంటే కుదుపులు.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
చూశావా, రెండు జబ్బులూ ఉన్నాయి.

రెడ్ డెడ్, సైబర్‌పంక్: కార్డు బలం చాలడం లేదు, 4 జీబీ వీ-ర్యామ్ కూడా నిండిపోయింది. అక్కడ కొత్త కార్డే మందు.

జీటీఏ 5, వాలొరెంట్: అక్కడ కార్డు ఖాళీగా కూర్చుంది. ర్యామ్ నిండేసరికి విండోస్ మిగిలిన డేటాను డిస్కులోని పేజ్ ఫైలుకు తోస్తోంది. అదే సమయంలో హార్డ్ డిస్కు నుంచి ఆట రోడ్లు, భవనాలు చదవాలి. 5060 కాదు, దాని పైది పెట్టినా ఈ కుదుపు ఇట్లే ఉంటుంది. ఇంకో 8 జీబీ స్టిక్కు కావాలి. ఒక స్టిక్కే ఉంటే ర్యామ్ సింగిల్ ఛానెల్లో నడుస్తుంది, రెండైతే డ్యూయల్ ఛానెల్. ఐ5-10400ఎఫ్ లాంటి దానికి ఆటల్లో ఆ తేడా బాగానే తెలుస్తుంది. నీ బోర్డులో ఈ ప్రాసెసర్‌కు 2666 వేగం మించి నడవదు, కాబట్టి 3600 స్టిక్కు అని ఎక్కువ డబ్బులు పెట్టకు.

సైబర్‌పంక్ ఎస్‌ఎస్‌డీలోకి మార్చు. ఆ కంపెనీయే 2023లో కనీస అర్హతల్లోంచి హార్డ్ డిస్కు తీసేసింది. 70 జీబీ చాలు. రెడ్ డెడ్‌కు 150 కావాలి, రెండూ ఒకేసారి పట్టవు.

తుంగభద్ర_తీరం | కర్నూలు
ర్యామ్ ధరలు చూశారా ఎవరైనా? 2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీతో ఎక్కి కూర్చున్నాయి. పాత డీడీఆర్4 కూడా వదల్లేదు. కొత్తది కొంటే ఈ పిల్లోని బడ్జెట్ తలకిందులే.

నాపరాయి | కడప
సెకండ్ హ్యాండ్ స్టిక్కు తీసుకోమను. ర్యామ్‌లో తిరిగేది, అరిగేది ఏమీ లేదు. రాత్రికి మెమ్‌టెస్ట్ పెట్టి పొద్దున చూస్తే మంచిదో చెడ్డదో తెలిసిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతది ఎవరిచ్చినా తీసుకోవద్దు.

బురుజు_గేమర్ | కర్నూలు
నా ఓటు ఏఎండీకి. 30 వేలల్లో 9060 ఎక్స్‌టీ ఉంది కదా. ఎన్విడియా వాళ్ళు 8 జీబీతో జనాన్ని మోసం చేస్తున్నారు.

సప్తగిరి_సర్కిల్ | అనంతపురం
ఏఎండీకి డ్రైవర్లు సక్కగా రావు. 2025 చివర్లో 6000 సిరీస్‌ను వేరే డ్రైవర్ శాఖలో పడేసినారు, దానికి ఎంత గోల అయిందో మరిచినావా? డీఎల్ఎస్ఎస్ ముందు ఏఎండీ వాళ్ళ ఎఫ్ఎస్ఆర్ ఏడ నిలబడుతుంది?

బురుజు_గేమర్ | కర్నూలు
గోల తర్వాత ఆటల సపోర్టు ఉంటుందని వాళ్ళే చెప్పినారు. మీ ఎన్విడియా వాళ్ళు 5070 అంటే 4090తో సమానమని 2025 జనవరిలో స్టేజీ ఎక్కి చెప్పలేదా? ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల నడుమ కార్డే పుట్టించే ఫ్రేములు) కలుపుకొని చెప్పే లెక్క ఒక లెక్కేనా? పుట్టించిన ఫ్రేములు మౌసు మాట వింటాయా?

సప్తగిరి_సర్కిల్ | అనంతపురం
నువ్వు వాడి చూసినావా అసలు

బురుజు_గేమర్ | కర్నూలు
నువ్వు చూసినావా

వేదిక_నిర్వాహకుడు
ఇద్దరూ ఒక గ్లాసు మజ్జిగ తాగి రండి. తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. పిల్లవాడు 30 వేలకు ఏం కొనాలో అడిగాడు, పార్టీ సభ్యత్వం అడగలేదు.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
ఇద్దరి మాటల్లోనూ పనికొచ్చేది ఉంది, కాబట్టి విడదీసి చెబుతా.

1080పీ తెర మీద ఆటను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసినప్పుడు డీఎల్ఎస్ఎస్ బొమ్మ ఎఫ్ఎస్ఆర్ 3 బొమ్మ కన్నా శుభ్రంగా ఉంటుంది. ఇది నిజం. ఎఫ్ఎస్ఆర్ 4 ఆ తేడా బాగా తగ్గించింది, కానీ ఏఎండీ దాన్ని 9000 సిరీస్‌తో తెచ్చింది. ఫ్రేమ్ జనరేషన్ సంగతి బురుజు చెప్పిందే సరి: అసలు ఫ్రేములు ముందే 60 దగ్గర ఉంటేనే దానితో సుఖం. 30ని 60 చేస్తే చూసేవాళ్ళకు బాగుంటుంది, ఆడేవాళ్ళకు 30 లాగే మొద్దుగా ఉంటుంది. 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి అది అసలు లెక్కలోకే రాదు.

ఎవరూ ఎత్తని విషయం ఇంకోటి ఉంది. హెచ్410 బోర్డులో కార్డు పెట్టే పీసీఐఈ దారి పాత 3.0 రకం. ఆర్‌టీఎక్స్ 5060కి ఉన్నవి 8 లేన్లే (డేటా పోయే వరుసలు), కొత్త 5.0 బోర్డులో అది ఇబ్బంది కాదు. ఇతని బోర్డులో ఆ 8 లేన్లు 3.0 వేగంతో నడుస్తాయి. వీ-ర్యామ్ సరిపోయినంత సేపు పెద్ద నష్టం లేదు. 8 జీబీ నిండి పొంగిన రోజున డేటా ఆ సన్న దారిలోనే రావాలి, అప్పుడు కుదుపులు మొదలవుతాయి. 9060 ఎక్స్‌టీకి 16 లేన్లున్నాయి, కాబట్టి పాత బోర్డులో అదే నయం. 16 జీబీదైతే ఇంకా మంచిది, కానీ ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ కొన్నాక ఆ రెండు రకాలూ ఇతని చేతికి అందవు.

తుంగభద్ర_తీరం | కర్నూలు
ఇంటెల్ ఆర్క్ బీ580? 12 జీబీ ఉంది, ధర కూడా అందుబాటే.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
కొత్త ప్రాసెసర్ ఉన్నవాళ్ళకు చెప్తాను, ఇతనికి చెప్పను. దాని డ్రైవర్ సీపీయూ మీద ఎక్కువ భారం వేస్తుందని 2025 మొదట్లోనే పరీక్షల్లో తేలింది, పాత ప్రాసెసర్లతో బాగా వెనకబడింది. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సెట్టింగు) కూడా ఆన్ కావాలి. హెచ్410 బోర్డుల్లో అందరికీ ఆ బయోస్ అప్‌డేట్ దొరకదు.

గుత్తికోట | అనంతపురం
ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ? 70 వాట్లే, పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చే పని తప్పుతుంది.

నాపరాయి | కడప
ఆ ఎస్‌ఎంపీఎస్ ఎట్లైనా మార్చాల్సిందే, ఏ కార్డు పెట్టినా సరే. మార్చినాక 3050కి ఎందుకు? దాదాపు అదే డబ్బుకు ఆర్‌ఎక్స్ 6600 దొరికితే అది చాలా ముందుంటుంది. 3050 6 జీబీ ఎవరికంటే, ఆఫీసుల్లో తీసేసిన కంపెనీ డబ్బా కొని, లోపల ఏమీ మార్చలేని వాళ్ళకు.

బురుజు_గేమర్ | కర్నూలు
సెకండ్ హ్యాండ్ 3060 12 జీబీ చూడొచ్చు గదా తమ్ముడు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో దొరుకుతాయి.

నాపరాయి | కడప
చూడొచ్చు, చూడటం వచ్చిన మనిషిని వెంట తీసుకుపోతే. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడం) ఆగిపోయినాక రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు మార్కెట్టులో గుట్టలుగా పడినాయి. మైనింగ్ కార్డు అంటేనే చెడ్డదని కాదు. ఫ్యాన్ బేరింగులు, థర్మల్ ప్యాడ్లు అరిగి ఉంటాయి, అవి మార్చుకుంటే నడిచేవి కూడా ఉన్నాయి. అమ్మేవాడి ముందే కూర్చొని ఫర్‌మార్క్ అనే కార్డు పరీక్ష పావుగంట నడపాల, ఫ్యాను శబ్దం వినాల, వేడి చూడాల. జీపీయూ-జెడ్ తెరిచి అది నిజంగా ఆ కార్డేనా చూడాల. పాత చిప్పుకు 1050 టీఐ అని పేరు మార్చి అమ్మినవి నేనే చూసినా. ఆ సాఫ్ట్‌వేర్ అట్లాంటి ఎన్విడియా దొంగ కార్డులను "ఫేక్" అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048 షేడర్లవి (చిప్పులో లెక్కలు చేసే చిన్న భాగాలు) వస్తాయి, అసలు 580లో 2304 ఉండాల. 3060లో కూడా 8 జీబీది వేరే ఉంది, అది బలహీనం.

మొదటిసారి కొనే పిల్లోనికి నేను కొత్తదే చెప్తా. జీఎస్టీ బిల్లు తీసుకో, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకో. ఇక్కడ మన దగ్గర పాడైతే షాపాయన హైదరాబాదుకో బెంగళూరుకో పంపాల్సిందే. బిల్లు లేకుంటే ఆ పంపడం కూడా ఉండదు.

తుంగభద్ర_తీరం | కర్నూలు
ఇంకొకటి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు వేడి సంగతి ఎవరూ మాట్లాడరేం? యూట్యూబ్‌లో కార్డు 65 డిగ్రీలని చూపించేవాళ్ళ గదిలో ఏసీ ఉంటుంది, 25 డిగ్రీలు. మన గది మధ్యాహ్నం 40. ఆ తేడా అంతా కార్డు మీదికి చేరుతుంది, అదే కార్డు మన ఇంట్లో 80.

నాపరాయి | కడప
పేరుకే నేను నాపరాయి, కానీ నాపరాళ్ళ గూట్లో సీపీయూ పెట్టేవాళ్ళను చూస్తే నాకే కోపం వస్తుంది. మన ఇండ్లల్లో బండ అలమర అడుగున దూర్చి, ముందు కర్టెన్ కూడా వేస్తారు! వేడి గాలి బయటికి పోయే దారే ఉండదు. బయట పెట్టు, గోడకు జానెడు దూరంగా. ఇంకోటి, ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలనీయొద్దు. తేమకు దుమ్ము తోడై ఫిన్నుల్లో పేస్టు మాదిరి గట్టిపడుతుంది. బ్రష్షుకు రాదు అది.

ఎర్తింగ్ కూడా చూపించుకో. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందా?

కేసీకెనాల్_07 | కర్నూలు
అంటుందన్నా. చెప్పులేసుకొని కూర్చుంటా.

నాపరాయి | కడప
చెప్పులు మందు కాదు నాయనా. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ పిన్ కనెక్షన్, ఎర్త్ గుంత చూపించు. ఎండాకాలంలో గుంత ఆరిపోతుంది, నీళ్ళు పోస్తుండాల. కొత్త కార్డు పెట్టకముందే చేయి ఈ పని.

యూపీఎస్ ఉందా? 600 వీఏది మామూలుగా 360 వాట్ల వరకే. కొత్త కార్డుతో ఆట మధ్యలో కరెంటు పోతే అది తట్టుకోకపోవచ్చు. డబ్బులున్నప్పుడు 1000 వీఏ తీసుకో, ఇప్పుడే కాదు.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
నా లెక్క ఇది. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, సెకండ్ హ్యాండ్ 8 జీబీ స్టిక్కు, మిగిలిన దానితో ఆర్‌ఎక్స్ 7600 లేదా 6600, ఏది దొరికితే అది. రెండూ 8 జీబీ. 7600కి 165 వాట్లు, 6600కి 132. రెండింటికీ 8 లేన్లే, కాబట్టి నేను పైన 5060కి చెప్పిన ఇబ్బంది వీటికీ ఉంది. టెక్స్చర్లు అల్ట్రా కాకుండా హైలో పెట్టుకుంటే 1080పీలో నువ్వు చెప్పిన ఆటలకు 8 జీబీ సరిపోతుంది. ధరలో పెద్ద తేడా లేకుంటే 7600 తీసుకో.

ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి ఆటలు రే ట్రేసింగ్ (వెలుగు, నీడలు లెక్కగట్టి గీయడం) హార్డ్‌వేర్ లేకుంటే నడవవు. ఈ రెండు కార్డుల్లోనూ అది ఉంది. సైబర్‌పంక్‌లో మాత్రం రే ట్రేసింగ్ ఆపేసే ఆడు, ఈ ధరలో దానికి ఆశపడొద్దు.

సప్తగిరి_సర్కిల్ | అనంతపురం
నేనైతే ఇంకో రెండు నెలలు ఆగి, మా నాయన చేతులు కాళ్ళు పట్టుకొని 5060 ఎక్కేవాణ్ని. సరే, ఎస్‌ఎంపీఎస్ మాట మాత్రం ఒప్పుకుంటా.

కేసీకెనాల్_07 | కర్నూలు
మా మామ సికింద్రాబాద్ పోతుంటే ఆయన వెంట పోయి తెచ్చుకున్నా. ఆర్‌ఎక్స్ 7600, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్. ర్యామ్ స్టిక్కు ఇక్కడే ఒక అన్న దగ్గర పాతది దొరికింది, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపినా, ఎర్రర్ రాలేదు. ఎర్తింగ్ చేయించినా, ఇప్పుడు జివ్వుమనదు. మా అమ్మ "ఇన్నాళ్ళూ ఫ్రిజ్ కూడా అట్లే కొడుతుండె గదరా" అంటోంది.

కార్డు ఇంకా పెట్టలేదు. ఎన్విడియా డ్రైవర్ ఏం చేయాల?

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
సేఫ్ మోడ్‌లోకి పోయి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతది మొత్తం తీసేయ్. ఆపేసి కార్డు మార్చు. తర్వాత ఏఎండీ సైటు నుంచే డ్రైవర్ తెచ్చుకో. మానిటర్‌కు ఫ్రీసింక్ (కార్డు ఫ్రేములకు తగ్గట్టు తెర వేగం మార్చేది) ఉంటే మెనూలో ఆన్ చెయ్. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లోని రేడియన్ చిల్‌లో గరిష్ఠం 72 ఫ్రేములు పెట్టు. 75 హెర్ట్జ్ తెరకు 110 ఫ్రేములు గీయించడం వట్టి వేడి, కరెంటు ఖర్చు.

కేసీకెనాల్_07 | కర్నూలు
రెడ్ డెడ్ హైలో 70 దగ్గర నిలబడింది! జీటీఏలో కారు ఎంత తోలినా గ్రాఫు గీత గీసినట్టుంది. మధ్యాహ్నం మూడింటికి ఆడితే కార్డు 74 డిగ్రీలు. సైబర్‌పంక్ ఎస్‌ఎస్‌డీలోకి మార్చినా, బజారు వీధిలో మాత్రం 55కు పడిపోతుంది, అప్పుడు జీపీయూ 80 చూపిస్తుంది.

ఫ్రేమ్‌టైమ్ | అనంతపురం
అది ప్రాసెసర్ హద్దు. క్రౌడ్ డెన్సిటీ మీడియంలో పెట్టు, కొంత తేలికవుతుంది.

ఆదోని_పత్తి | ఆదోని
తమ్ముడూ, ఆ 1050 టీఐ అమ్ముతావా? మా పిల్లోనికి పాత హెచ్61 డబ్బా ఉంది, క్రికెట్ ఆట, జీటీఏ శాన్ ఆండ్రియాస్ నడిస్తే చాలు.

నాపరాయి | కడప
నడుస్తాయి. కేబుల్ అక్కర్లేని రకమైతే మీ పాత ఎస్‌ఎంపీఎస్‌తో సరిపోతుంది. కానీ ఆ తరం కార్డులకు ఎన్విడియా కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది, ఆ సంగతి తెలుసుకొని బేరం చేయండి. తమ్ముడూ, నువ్వు కూడా ఎక్కువ చెప్పొద్దు.

కేసీకెనాల్_07 | కర్నూలు
కేబుల్ లేని రకమే అన్నా. ధర మా నాయనను అడిగి చెప్తా, ఆ డబ్బులు ఆయనకే ఇయ్యాల అంట.